అందరి బరువూ ఒకేసారి

నా మనవడికి పద్నాలుగో ఏడు నడుస్తుండగా ఒకరోజు డాక్టరమ్మ వాడి మెడ వెనక ఉన్న నల్లటి చారను వేలితో రుద్ది చూసింది. అది మట్టి అనుకుని తలంటిన ప్రతిసారీ నేను పీచు పెట్టి తోమేదాన్ని. తోమితే పోయేది కాదట. ఒంట్లో చక్కెర గట్టు దాటబోతున్నదని చర్మం ముందుగా పంపే కబురట. కాలేయానికి కూడా కొవ్వు పట్టిందని, ఈ వయసులో పట్టకూడదని, ఇలాగే వదిలేస్తే మీసాలు సరిగ్గా రాకముందే మందుబిళ్లలు మొదలుపెట్టాల్సి వస్తుందని చెప్పి ఆవిడ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

నా కొడుకు, కోడలు, మనవడు ముగ్గురూ ఒక్కసారే నావైపు తిరిగారు. కోర్టులో సాక్షులు కూడా అంత కట్టుగా తిరగరు.

"నేనేనమ్మా," అన్నాను. "కానీ వాడికి పెట్టిందే నేనూ తింటాను. నన్ను చూడు, గట్టిగా గాలి వీస్తే పట్టుకోవడానికి మనిషి కావాలి."

డాక్టరమ్మ నవ్వింది. "తిండి ఒక్కటే కాదు మామ్మగారూ. వీడు కదలడం లేదు. ఆడుకోమనండి."

"ఎవరితో?" అన్నాడు మనవడు.

ఆ గదిలో వాడు నోరు విప్పి అన్న మాట అదొక్కటే. డాక్టరమ్మ దగ్గర దానికి మందు లేదు.

బడిలో వాడికి 'రోలర్' అని పేరు. వాడు తరగతిలోకి అడుగు పెట్టగానే వెనక బెంచీవాళ్లు రోడ్డు చదును చేసే బండిలా గొంతులో గుర్రుమనేవారు. ఆటల పీరియడ్‌లో జట్లు పంచుకునేటప్పుడు అందరూ అయిపోయాక వీడు మిగిలేవాడు. అప్పుడు ఆ రెండు జట్ల నాయకులూ కర్ణుల్లా మారిపోయి, "మీరే ఉంచుకోండి", "లేదు లేదు, మీరే తీసుకోండి" అని వీణ్ని ఒకరికొకరు దానం చేసుకునేవారు. పోను పోను వాడు ఆటల పీరియడ్ ఉన్న రోజున కడుపునొప్పి తెచ్చుకోవడం నేర్చాడు. బడి నుంచి రావడం, బూట్లు ఎక్కడ విడిచాడో అక్కడే వదలడం, కిటికీ పక్క మంచం మీద ఫోను పట్టుకుని వాలడం. మూడో అంతస్తులో ఉంటాం మేము. లిఫ్టు చెడిపోయిన రోజున వాడు ప్రతి మలుపులోనూ కూర్చుని కూర్చుని పైకి వచ్చేవాడు. నా మోకాళ్లతో నేనే వాడికంటే ముందు చేరేదాన్ని.

ఆ ఏడాదే వాళ్ల బడికి ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సమ్మ రావడం మొదలుపెట్టింది. పొట్టి మనిషి, చురుకైన నడక. ఆమే, బడిలో డ్రిల్లు మాస్టారూ కలిసి ఒళ్లు బరువైన పిల్లలందరినీ ఏరి ఒక ఫుట్‌బాల్ జట్టు కట్టారు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే. తల్లిదండ్రులను పిలిచి మాస్టారు చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఒంటరిగా పరిగెత్తమంటే ఎవడూ పరిగెత్తడమ్మా. నేనూ పరిగెత్తను. బంతి ఇస్తే దాని వెనక పడతారు. పక్కవాడు పడ్డాడని వీడు, వీడు పడ్డాడని ఇంకొకడు. అలసట సంగతి ఇంటికొచ్చాక గుర్తొస్తుంది."

మంచి మాట. ఆ మాటలో తప్పు లేదని ఇప్పుడు కూడా అంటాను.

తప్పంతా తూకంలో వచ్చింది. ఎంత తగ్గారో చూపించకపోతే పైవాళ్లు ఒప్పుకోరని నర్సమ్మ బడి వరండాలో బరువు మిషను పెట్టింది. ఒక్కొక్కరు ఎక్కడం, ఆమె అంకె పైకి చదవడం, పక్కన మాస్టారు రాసుకోవడం. కిటికీల నిండా వేరే తరగతుల పిల్లలు. అంకె వినబడిన ప్రతిసారీ ఈలలు. ఒక పిల్ల ఎక్కనని స్తంభం పట్టుకుని కూర్చుంది. నా మనవడు ఎక్కాడు, దిగాడు, సంచీ కూడా తీసుకోకుండా ఇంటికి వచ్చేశాడు. మర్నాడు సగం మంది మైదానానికి రాలేదు.

ఆ రోజు అన్నాల దగ్గర నా కొడుక్కి ఒక ఆలోచన వచ్చింది. వాడు పాత ఇనుము గోదాములో లారీ కాటా చూసుకుంటాడు. లారీ మొత్తం ఎక్కేంత పెద్ద ఇనుప పలక నేలకు సమంగా పరిచి ఉంటుంది. పక్కన అద్దాల గదిలో వీడు కూర్చుంటాడు. గది పైన ఎర్ర అంకెలు పడతాయి. సరుకుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి చీటీ ఇస్తాడు.

"అందరినీ ఒకేసారి నా కాటా మీద నిలబెడితే సరి," అన్నాడు. "లారీలో ఏ ఇనప ముక్క ఎంతుందో ఎవరడుగుతారు? మొత్తమే కదా. ఎవడి బరువు ఎవడికీ తెలియదు."

మనవడు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "ఎవరికీ తెలియదా నాన్నా?"

"నాకే తెలియదురా."

కోడలు అంది, "మీ కాటా లారీలకండీ. పిల్లలకు పనికొస్తుందా?"

"వస్తుంది. కాకపోతే పదుల్లో చూపిస్తుంది. పది కిలోల లోపు తేడా దానికి ఆనదు. అంతమంది పిల్లలకు అది లెక్కలోది కాదులే."

ఇంత మంచి ఉపాయం నా కడుపున పుట్టినవాడికి తట్టిందని ఆ పూట నాకు కాలు నేలమీద ఆనలేదు.

నర్సమ్మ సరేనంది. మొదటిసారి వాళ్లను కాటా మీద తూచిన రోజు నేనూ వెళ్లాను. గోదాము నిండా తుక్కు, విరిగిన సైకిళ్లు, పాత బాయిలర్లు, నూనె వాసన. పిల్లలు పలక ఎక్కి గెంతుతుంటే పైన అంకెలు పిచ్చెత్తినట్టు ఎగిరిపడ్డాయి. నా కొడుకు గదిలోంచి తల బయటపెట్టి, "కదలకండ్రా, లారీ ఇంజను ఆపేస్తేగానీ తూకం రాదు," అన్నాడు. వాళ్లు నవ్వు ఆపుకోలేక ఒకరిమీద ఒకరు పడ్డారు. ఆఖరికి అంకె నిలిచింది. ఒక చిన్న ట్రక్కుకు కాస్త తక్కువ. అందరూ చప్పట్లు కొట్టారు, అదేదో గెలిచినట్టు. తమ బరువు చూసి పిల్లలు సంబరపడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

అక్కణ్నుంచి జట్టు నిలబడింది. ఆ కొన్ని నెలలు మా ఇంటికి పట్టిన మంచి రోజులు. మనవడు బూట్లు తలుపు పక్కన జతగా పెట్టడం మొదలుపెట్టాడు, మర్నాడు వెతుక్కోనక్కర్లేకుండా. లిఫ్టు బాగున్నా మెట్లమీదే వచ్చేవాడు. తినేది కూడా మేము చెప్పకుండానే తగ్గింది. నిండా తింటే పరిగెత్తలేనని వాడికే తెలిసొచ్చింది. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో వేరే పిల్లల మాటలు వినబడ్డాయి. "లాయరమ్మ ఇలా అంది", "దిండుగాడు అలా పడ్డాడు" అని పొద్దస్తమానం వాడి నోట అవే.

లాయరమ్మ అంటే జట్టు నాయకురాలు. గుండ్రటి మొహం, గుండ్రటి కళ్లద్దాలు, వాదనలో రిఫరీని కూడా నమిలి మింగే పిల్ల. దిండు అంటే గోల్ దగ్గర నిలబడే పిల్లవాడు. మెత్తగా, తెల్లగా, ఉబ్బిన బుగ్గలతో ఉండేవాడు. వాడికి చిన్నప్పటి నుంచి ఆయాసం. ఎన్నో మందులు వాడి, చివరికి రోజూ ఒక మాత్ర మీద నిలిచింది ఊపిరి. ఆ మాత్రే వాణ్ని అలా ఉబ్బించింది. పరిగెత్తలేడు గనక గోల్‌లో పెట్టారు. బంతి ఎటు వస్తుందో వాడికి ముందే తెలిసేదని మాస్టారు కూడా ఆశ్చర్యపోయేవారు.

వాడి తల్లి కుట్టుపని చేస్తుంది. మా ఇంటికీ మైదానానికీ మధ్య సన్నటి వీధిలో ఒక గది ఆమె దుకాణం. వెనక గది ఇల్లు. భర్త ఎప్పుడో పోయాడు, ఉన్నది ఆ ఒక్క నలుసు. జట్టుకు చొక్కాలు కొనబోతే ఆ కొలతలకు బజారులో దొరకలేదు. ఆమె అందరినీ పిలిచి కొలతలు తీసుకుని తనే కుట్టింది. ఎవరి నడుము ఎంతో ఆమెకు తెలుసు, ఇంకో మనిషికి చెప్పలేదు. నా మనవడు, దిండు ఇద్దరూ మైదానం నుంచి వస్తూ ఆ గుమ్మం మీద కూర్చుని మంచినీళ్లు తాగి, ఒకణ్నొకడు వెక్కిరించుకుని విడిపోయేవారు. వాడికి మొదటి స్నేహితుడు వీడు, వీడికి మొదటి స్నేహితుడు వాడు.

సగం ఏడాది గడిచాక పైనుంచి కబురు వచ్చింది. చదువు సంవత్సరం ముగిసేలోపు జట్టు బరువు ఫలానా అంకెకు దిగితే జట్టు కొనసాగుతుంది, మైదానం సాయంత్రాలు వీళ్లకే ఉంటుంది. దిగకపోతే పథకం ఆపేస్తారు, మైదానం వేరేవాళ్లకు. నర్సమ్మ పాపం వాదించింది. పిల్లలు ఎత్తు పెరుగుతున్నారు, కండ పడుతోంది, నడుములు తగ్గాయి, ఊపిరి మెరుగైంది, బరువొక్కటే చూస్తే ఎలా అంది. బరువొక్కటే చూస్తామన్నారు.

ఆ రోజు నా మనవడు అన్నం ముందు కూర్చుని అన్నాడు, "జట్టు పోతే నేను బడి మానేస్తాను నానమ్మా."

బెదిరింపు కాదది. ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా అన్నాడు.

మొదట్లో కాటా అంకె దిగుతూ వచ్చింది. తర్వాత ఆగిపోయింది. ఒక నెల అదే అంకె, ఇంకో నెల మళ్లీ అదే. నా కొడుకు గదిలోంచి, "పదుల్లో చూపిస్తుందర్రా, లోపల తగ్గే ఉంటారు," అని చెప్పాడు. పిల్లలకు ఆ ఎర్ర అంకె కనబడినంతగా మా వాడి మాట వినబడలేదు. మైదానంలో గుసగుసలు మొదలయ్యాయి. నేను తగ్గాను, నాకు తెలుసు, నా ప్యాంటు జారుతోంది. నేనూ తగ్గాను. మరి ఎవరు తగ్గలేదు? ఎవరో దొంగతనంగా తింటున్నారు. ఎవరి బరువు ఎవరికీ తెలియకూడదని మొదలుపెట్టిన తూకం అది. తెలియకపోవడం వల్లే ఇప్పుడు ప్రతివాడి మొహంలోకీ ప్రతివాడూ చూడసాగాడు.

ఆ తర్వాతి తూకం నాడు ఏం జరిగిందో నా కొడుకూ మనవడూ వేరువేరుగా చెప్పారు. ఇద్దరి మాటా ఒకటే.

అంకె మళ్లీ కదల్లేదు. వెనక తుక్కు లారీ ఒకటి హారన్ కొడుతోంది. నర్సమ్మ ఫోనులో పైవాళ్లతో మాట్లాడుతూ గేటు దాకా వెళ్లింది. మాస్టారు ఆ రోజు రాలేదు. లాయరమ్మ పలక మధ్యలో నిలబడి అంది, "ఒక్కొక్కరం దిగుదాం. ఎవరు దిగితే ఎంత పడిపోతుందో చూద్దాం. తేలిపోతుంది."

"వద్దు," అన్నాడు దిండు.

"ఏం, నీకెందుకు భయం?"

దిండు పలక అంచుకు జరిగాడు.

ఒకరు దిగారు. అందరూ తలలెత్తి అంకె చూశారు. ఇంకొకరు దిగారు. నా మనవడూ దిగాడు. దిండు దిగినప్పుడు అంకె అందరికంటే ఎక్కువ పడిపోయింది. చాలా ఎక్కువ.

నా కొడుకు గదిలోంచి బయటికి వచ్చి అరిచాడట, "అది వాడి బరువు కాదర్రా, పదుల్లో చూపిస్తుంది, ముందు దిగినవాళ్ల మిగులు కూడా వాడి మీదే పడింది," అని. లారీ హారన్‌లో ఎవరు వింటారు? విన్నా, పిల్లలకు కావలసిన మనిషి దొరికాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ పిడికెళ్లన్నీ పోసి ఒక్కడి జేబులో కుక్కారు.

మర్నాటి నుంచి కొట్టడం, తిట్టడం ఏమీ లేదు. మంచినీళ్ల సీసా వాడిదాకా వచ్చేసరికి ఖాళీ అయ్యేది. వాడు గోల్ ఆపితే ఎవరూ భుజం తట్టేవారు కాదు. "దిండూ, నీకు రేపు పని ఉందేమో కదా, రాకపోయినా ఫర్వాలేదు," అంది లాయరమ్మ ఒకరోజు, చాలా మర్యాదగా. వీళ్లందరూ ఒకప్పుడు తరగతిలో పడినదే, ఇప్పుడు తమ చేతికి వచ్చేసరికి ఎంత ఒడుపుగా చేశారో.

వాడు మానలేదు. వచ్చాడు. రోజు రోజుకీ బుగ్గలు పీక్కుపోతూ వచ్చాడు. నెల తిరిగేసరికి చొక్కా భుజాల మీద వేలాడింది. అప్పుడు జట్టు మనసు మారింది. బడిలోని అసలు జట్టుతో సరదాగా ఒక ఆట పెట్టారు మాస్టారు. వీళ్లు గెలవలేదుగానీ ఓడలేదు. దిండు ఆఖర్న పక్కకు దూకి ఒక బంతి ఆపాడు. అందరూ పరిగెత్తుకెళ్లి వాణ్ని భుజాలమీద ఎత్తుకుని మైదానం చుట్టూ తిప్పారు. మా వాడు ఇంటికొచ్చి ఆ సంగతి మెట్లమీద నుంచే చెప్పుకుంటూ వచ్చాడు. గుక్క తిప్పుకోకుండా చెప్తుంటే నాకూ నవ్వు ఆగలేదు.

తర్వాత కొద్ది రోజులకు దిండుకు వాంతులు పట్టుకున్నాయి. తల్లి కడుపులో ఏదో పడలేదనుకుంది. మంచం దిగితే కళ్లు తిరుగుతున్నాయన్నాడట. అయినా చివరి తూకం దగ్గరపడిందని మైదానానికి వెళ్లాడు. గోల్‌పోస్టు పట్టుకుని నిలబడ్డాడు. పట్టుకునే జారిపోయాడు. పెదవులు నీలంగా మారాయని, ఊపిరి ఈలలా వినబడిందని మనవడు చెప్పాడు. మాస్టారు తన మోటారు సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తించారు. అక్కడ డాక్టర్లు ఏవేవో ఎక్కించారు. తెల్లారకుండానే పోయాడు.

ఇలాంటి మాత్రలు ఉన్నట్టుండి మానకూడదట. ఏళ్ల తరబడి వేసుకుంటే ఒళ్లు తన పని తాను మరిచిపోతుందట. దించాలంటే మెట్టు మెట్టుగా దించాలట. ఆసుపత్రిలో వాడి తల్లిని అడిగారు, మాత్రలు వేసుకుంటున్నాడా అని. "రోజూ నా చేత్తో నేనే ఇచ్చానండీ," అంది ఆమె. నిజమే, ఆమె ఇచ్చింది.

చివరి తూకం రానే వచ్చింది. వాయిదా వేయమని నర్సమ్మ అడిగితే కుదరదన్నారట. పిల్లలు పలక ఎక్కారు. ఈసారి గెంతులు లేవు. పైన ఎర్ర అంకె దానంతటదే నిలిచింది. పైవాళ్లు అడిగిన అంకెకంటే కిందికి దిగి ఉంది.

నర్సమ్మ దాన్నే చూస్తూ నిలబడింది. ఎందుకు దిగిందో ఆమెకూ తెలిసింది. తర్వాత పిల్లలవైపు చూడకుండా, "చీటీ ఇవ్వండి," అంది.

"ఒక మనిషి తక్కువమ్మా," అన్నాడు నా కొడుకు.

"తెలుసు. వాళ్లు మనుషుల లెక్క అడగలేదు. చీటీ ఇవ్వండి. కనీసం వీళ్లకైనా మైదానం ఉండనివ్వండి."

ఆమెను ఏమనగలం? పిల్లల కోసమే అడిగింది. నా కొడుకు చీటీ ఇచ్చాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, చేయి కడుక్కుని లేచిపోయాడు.

జట్టు నిలిచింది. మైదానం వీళ్లదైంది. కొడుకు పోయిన ఆ తల్లి ఒక సాయంత్రం మైదానం గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆట అయ్యాక నా మనవణ్ని పిలిచి తల నిమిరి, "మీవల్ల వాడు చివరి రోజుల్లో మనిషిలా బతికాడు నాయనా. లేకపోతే వాడికి ఎవరున్నారు?" అంది. చొక్కాలు వదులైతే తెచ్చి ఇవ్వమంది, లాగి కుడతానంది.

ఆ సాయంత్రం వాడు పైకి రాలేదు. ఎంతసేపటికీ రాకపోతే నేను దిగి వెళ్లాను. రెండో మలుపులో మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. ఏమిట్రా అని అడగలేదు. అడిగితే పిల్లలు మింగేస్తారు.

"నేనే చెప్పాను నానమ్మా."

"ఏం చెప్పావు?"

"'ఆ మాత్రలవల్లేగా నువ్వు ఉబ్బేది, తూకం అయ్యేదాకా ఆపు, తర్వాత వేసుకో' అన్నాను. 'అమ్మ చేత్తో ఇస్తుందిరా, ఎలా ఆపను' అన్నాడు. 'నాలుక కింద పెట్టుకుని బయటికొచ్చి మోరీలో ఉమ్మెయ్' అన్నాను."

నేను వాడి వీపుమీద చేయి వేశాను. ఏడాది కిందట ఆ వీపు మెత్తగా ఉండేది. ఇప్పుడు ఎముకలు తగిలాయి.

"అందరూ వాడితో మాట్లాడటం మానేశారు నానమ్మా. నాతో కూడా మానేస్తారేమోనని..." అన్నాడు.

ఇంట్లో చెప్పాం. కోడలు తలుపు వేసి వచ్చి కూర్చుంది. "ఆమెకు చెప్పొద్దు," అంది. "చెప్తే పోయినవాడు వస్తాడా? వీడేం కావాలనుకున్నాడా? ఆమె వీణ్ని ఏమైనా అంటే వీడు తట్టుకోగలడా? ఆ ఇంట్లో ఒకడు పోయాడు, ఈ ఇంట్లో ఇంకొకణ్ని పోగొట్టుకుందామా?"

"ఆమె తన చేత్తో ఇచ్చాననుకుంటోందే," అన్నాడు నా కొడుకు. "ఇచ్చిన మందు పనిచేయలేదనుకుంటోంది."

"అనుకోనివ్వండి."

"ఆమె ఆ మోరీ మీద నుంచే రోజూ నడుస్తుందమ్మా," అన్నాడు మనవడు.

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరి మాటా తప్పు కాదు. ఎవరూ ఇంకెవరినీ గెలవలేదు కూడా. వాడు లేచి బూట్లు వేసుకున్నాడు. నేను వాడి వెనక వెళ్లాను.

ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. పక్కన జట్టు చొక్కాల కట్ట, లాగి కుట్టడానికి పిల్లలు ఇచ్చినవి. "రండి పెద్దమ్మా," అని స్టూలు జరిపింది. వాడు కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాడు. మెట్టుమీద నాకు చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా. నాలుక కింద అన్న మాట దగ్గర ఆమె మిషను చక్రం మీద చేయి పెట్టి ఆపింది.

వీధిలో ఎవరిదో స్కూటరు వెళ్లింది. ఆమె సూది కింద ఉన్న చొక్కాను లాగి ఒడిలో పెట్టుకుంది.

"ఆ ఆట రోజున వాణ్ని ఎత్తుకున్నారని చెప్పాడు," అంది.

"ఎత్తుకున్నాం పిన్నీ."

"నిజంగా ఎత్తగలిగారా?"

"ఎత్తగలిగాం. తేలిగ్గా ఉన్నాడు."

ఆమె తల ఊపింది. ఒడిలో ఉన్న చొక్కాను మడిచింది. విప్పి మళ్లీ మడిచింది.

"బాబూ," అంది చివరికి, గొంతు పెంచకుండానే. "నిన్ను నేనేమీ అనను. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. కానీ ఇకమీదట మా వీధిలోంచి వెళ్లకు. సాయంత్రం నీ బూట్ల చప్పుడు వినబడితే ఇంకో జత కోసం చూస్తాను."

"వెళ్లను పిన్నీ."

"ఆట మానకు. మానితే అదీ దండగే."

అంతే. ఆమె మళ్లీ మిషను తొక్కలేదు, మేము వచ్చేదాకా. తర్వాత తొక్కిందో లేదో తెలియదు. వారం తర్వాత చొక్కాలన్నీ సరిగ్గా కుట్టి మాస్టారికి పంపించింది.

లాయరమ్మ ఒకసారి మా ఇంటికి వచ్చింది. వాదించే పిల్ల, వంటింట్లో నా పక్కన పీట వేసుకుని కూర్చుని, "ఒక్కొక్కరం దిగుదామన్నది నేను మామ్మగారూ," అంది. అని నా మొహంలోకి చూసింది, నేనేదైనా తీర్పు చెప్తానేమోనని. పిల్లా, నా దగ్గర తీర్పులు లేవే అన్నాను. మజ్జిగ ఇచ్చాను, తాగి వెళ్లింది.

మనవడు బాగా తగ్గాడు. ఒంట్లో చక్కెర కిందికి దిగింది, కాలేయం తేటపడింది. తరగతిలో ఎవరూ గుర్రుమనడం లేదు. జట్టులో కొత్త పిల్లలు చేరారు, రోడ్డు మీద నడవడానికి కూడా సిగ్గుపడేవాళ్లు. వాళ్లు పరిగెత్తుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. తూకం మాత్రం లేదు. నా కొడుకు గోదాము యజమాని ఒప్పుకోవడం లేదని చెప్పాడు. యజమానిని వాడు అడగనే లేదు.

గోల్‌లో నిలబడటానికి ఎవరూ ముందుకు రాకపోతే మా వాడే నిలబడుతున్నాడు. బంతి ఎటు వస్తుందో వాడికి ముందు తెలియదు. చాలా పోతాయి.

సన్నవీధి మానేశాక మైదానానికి బస్సు డిపో వెనక నుంచి చుట్టు తిరిగి వెళ్లాలి. దూరం రెట్టింపు. బడి వదిలిన దగ్గర్నుంచి ఎంత పరిగెత్తినా రోజూ ఆలస్యమే. ఆలస్యమైనవాడికి మాస్టారు శిక్షగా మైదానం చుట్టూ ఒక రౌండు ఎక్కువ వేయిస్తారు, అందరికీ ఒకటే నియమం. ఎందుకు ఆలస్యమని ఆయన అడగరు, వీడు చెప్పడు. సంచీ గోడ పక్కన పెట్టి, మిగతావాళ్లు బంతి తన్నుకుంటుండగా, వాడు ఒక్కడే ఆ రౌండు పరిగెత్తి వచ్చి రెండు స్తంభాల మధ్య నిలబడతాడు.